అవ్వ చెవికి ఏ ఇయర్‌ఫోన్?

బెంగుళూరులో జీతం చేతికొచ్చింది, అవ్వకు ఇయర్‌ఫోన్లు కొనిస్తానంటావు. "తాతా, బాగా సౌండొచ్చేవి ఏవి?" అని కదా నీ ప్రశ్న. సౌండు సంగతి తర్వాత తల్లీ. చెవిలో ఏది చెడిందో ముందు తెలియాల.

ఒక చెవిని వేలితో మూసి, నోరు తెరవకుండా 'మ్...' అని చూడు. మూసిన చెవిలోనే మోత ఎక్కువ, అవునా? నీ గొంతు అదురు ఎముకల గుండా చెవికి చేరింది, బయటికి పోయే దారి మూతపడి లోపలే నిలిచింది. అంటే లోపలి చెవికి గాలి దారి ఒకటి, ఎముక దారి ఒకటి ఉన్నాయన్నమాట.

మన గంగవరంలో పక్కింటాయనకు చిన్నప్పటి నుంచి చెవిలో చీము. కర్ణభేరికి చిల్లిపడి గాలి దారి చెడింది, లోపలి చెవి మాత్రం భద్రం. అట్లాంటివాళ్లకు చెవి ముందు ఎముకకు ఆనించే 'బోన్ కండక్షన్' రకం నప్పుతుంది. రంధ్రానికి గాలి ఆడుతుంది. రబ్బరు బుడిపెలు దూరిస్తే తేమ నిలిచి చీము ముదురుతుంది.

అవ్వది వయసు చెవుడు. లోపలి చెవిలో చుట్టలు తిరిగిన గొట్టం ఉంది, పేరు కాక్లియా. అందులో సుమారు 15 వేల రోమకణాలు. కీచు స్వరాలు పట్టేవి గొట్టం మొదట్లో, బొంగురు స్వరాలు పట్టేవి చివర్లో ఉంటాయి. ముసలితనంలో మొదటివే ముందు పోతాయి, పోతే మళ్లీ రావు. 'స', 'ష' లాంటి హల్లుల ఆనవాలు ఆ కీచు స్వరాల్లోనే ఉంది. అందుకే 'సంత' అంటే అవ్వకు 'అంత' అని వినబడుతుంది. మెల్లగా చెబితే అందదు, గట్టిగా చెబితే "ఎందుకట్లా అరుస్తావు?" అంటుంది. చిన్న శబ్దాన్ని పెంచి అందించే కణాలు పోయినాయి, పెద్ద శబ్దం పట్టేవి మిగిలినాయి మరి. మొలక చచ్చిన మడికి ఇంకో తడి పెడితే పైరు లేస్తుందా? వాల్యూమ్ పెంచడమూ అంతే. అవ్వకు కావల్సింది కీచు స్వరాలను మాత్రం పెంచే ఏర్పాటు. కొన్ని ఫోన్లలో అది ఉంది.

చిన్నతాత కౌండిన్య అడవి అంచున చేనికి కాపలా పోయినాడు. ఏనుగుల్ని తరమడానికి కాల్చిన టపాకాయ పక్కనే పేలి ఒక చెవి పోయింది. స్టీరియో పాటలో కొన్ని వాయిద్యాలు ఎడమకు, కొన్ని కుడికి వస్తాయి కాబట్టి ఆయనకు సగం పాటే దక్కేది. ఫోన్‌లో 'యాక్సెసిబిలిటీ'కి పోయి 'మోనో ఆడియో' నొక్కితే మొత్తం పాట మంచి చెవికే వస్తుంది. పైసా ఖర్చు లేదు.

కాబట్టి ముందు అవ్వను కుప్పం మెడికల్ కాలేజీకో, రాయవేలూరు సీఎంసీకో తీసుకుపో. గుబిలి అడ్డుంటే తీస్తారు. ఆడియోగ్రామ్ గీసిస్తారు. ఏ స్వరం ఎంత పెంచితే వినబడుతుందో అందులో ఉంటుంది, కుడి చెవికి సున్నా గుర్తు, ఎడమ చెవికి ఇంటూ గుర్తు. చెవి మిషను రాసిస్తే అదే ముందు కొను. దాని మీద పెట్టే హెడ్‌ఫోన్‌కు గిన్నె లోతుగా ఉండాల, లేకుంటే మిషను కూస్తుంది.

మిగిలిన కణాలనూ కాపాడుకోవాల. 80 డెసిబెళ్ల మోత వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మూడు డెసిబెళ్లు పెరిగితే సమయం సగమవుతుంది: 83కు 20 గంటలు, 86కు 10. చెవిని బాగా కప్పే హెడ్‌ఫోన్ హైవే లారీల రొదను ఆపుతుంది, తక్కువ సౌండే సరిపోతుంది. అయితే అది పెట్టుకుని రోడ్డు దాటనీయొద్దు.

అంగట్లో పాట పెట్టి పరీక్షించొద్దు. అవ్వకు ఆ పాటలన్నీ నోటికొచ్చు, చెవికి అందని మాటను మనసే పూరిస్తుంది. కళ్లద్దాలు పెట్టుకునే ఉండమని, ఆ రోజు వార్తలు వినిపించు. కణతలు నొక్కుతున్నాయా అని అడుగు, వార్తల్లో ఏం చెప్పినారో అడుగు. నొప్పి లేకుండా, సౌండు సగానికి మించకుండా వార్త తిరిగి చెప్పిందా, అవే కొను. ధర తక్కువని అనుమానపడొద్దు.