మాంసానికి ఉప్పు ఎప్పుడు పట్టించాలి? ఎంత?

ఆదివారం వచ్చిందంటే సిద్దిపేటలో యాట కూర వాసన రాని వీధి ఉండదు. బోనాలకైనా, దసరాకైనా, ఇంటికి అల్లుడు వచ్చినా మన ప్రాంతంలో విందు అంటే ముందుగా గుర్తుకు వచ్చేది మాంసమే. గొర్రెల పంపిణీ పథకం 2017 జూన్ 20న మన జిల్లాలోని కొండపాకలోనే మొదలైంది. గొర్రె ఇక్కడివారి జీవనోపాధిలోనూ, విస్తరిలోనూ ఉన్నదన్నమాట! అందువల్లనే రక్తపోటు ఉన్నదని చెప్పగానే చాలామంది మొదట అడిగే ప్రశ్న, "ఇగ కూర బంద్ జేయాల్నా సారూ?" అని.

బంద్ చేయనవసరం లేదు. కొవ్వు తీసివేసిన మాంసం వారానికి ఒకసారి, మితంగా తినవచ్చు. బంద్ చేయవలసింది ఉప్పును చేతి అంచనాతో వేసే అలవాటును.

రక్తపోటుతో, కాళ్ల వాపుతో వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మూడు నెలలుగా మాంసం ముట్టలేదన్నాడు. అయినా రక్తపోటు తగ్గలేదు. విచారిస్తే, ఇల్లాలు ఆయన కోసం వేరే గిన్నెలో చప్పటి కూర వండుతున్నది. ఆ చప్పిడి తినలేక ఆయన ప్రతి ముద్దకూ ఆవకాయ నంజుకుంటున్నాడు, ఆపైన రెండు అప్పడాలు! మాంసం మానివేశాడే గాని, ఉప్పు మానలేదు.

ఉప్పు లెక్క

పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఇదే మాట చెప్పింది. 5 గ్రాములంటే మెత్తని ఉప్పు చదునుగా ఒక చిన్న చెంచాడు. అన్నంలో, పప్పులో, పచ్చడిలో, బేకరీ తిండిలో ఉన్నదంతా కలిపి ఇంతే ఉండాలి.

మాంసానికి ఒక సులభమైన లెక్క చెబుతాను. మాంసం బరువులో నూటికి ఒక వంతు ఉప్పు వేయండి. అరకిలోకు 5 గ్రాములు, కిలోకు 10 గ్రాములు. అరకిలో మాంసం అయిదుగురు తింటే మనిషికి వచ్చేది ఒక గ్రాము. అదే పూట ఒక పెద్ద చెంచాడు ఆవకాయ వేసుకుంటే అంతకన్నా ఎక్కువ ఉప్పు లోపలికి పోతుంది. దొడ్డుప్పు వాడేవారు చెంచాతో కాక తూచి వేయడం మేలు. రాళ్ల మధ్య ఖాళీలుంటాయి కనుక చెంచా కొలత నిలకడగా ఉండదు. పైగా దొడ్డుప్పులో చాలావరకు అయోడిన్ ఉండదు.

ముందు వేస్తే గట్టిపడుతుందా?

"ఉప్పు ముందే వేస్తే మాంసం ఉడకదు" అని పెద్దలు అంటుంటారు. ఇందులో సగం నిజముంది. ఉప్పు పట్టించిన మొదటి పావుగంటలో మాంసంలోని నీరు పైకి ఊరుతుంది. ఆ తడితోనే పెనం మీద వేస్తే ముక్క కాలదు, తన నీటిలో తానే ఉడికి బిరుసెక్కుతుంది. కాని మరికొంతసేపు ఓపిక పడితే ఆ ఉప్పునీరు తిరిగి లోపలికి ఇంకుతుంది. ఉప్పు మాంసకృత్తులను కొంత సడలించి నీటిని పట్టి ఉంచేటట్లు చేస్తుంది. అందువల్ల ముక్క మెత్తగా, రసవత్తరంగా ఉంటుంది. చివరలో వేసిన ఉప్పు పులుసులోనే నిలిచిపోతుంది. ముక్క చప్పగా ఉన్నదని మళ్లీ వేస్తాము. ఉప్పు పెరిగేది అక్కడే! కనుక వండడానికి కనీసం గంట ముందు ఉప్పు పట్టించి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఉంచండి.

పెనం మీద వండే విధానం

పాశ్చాత్య దేశాలలో దళసరి మాంసపు ముక్కకు ఉప్పు రాసి, పెనం మీద కాల్చి "స్టేక్" అంటారు. దానికి మన హైదరాబాదులో దగ్గరి చుట్టం పత్తర్ కా గోష్త్. నిజాం వేటకు వెళ్లినప్పుడు వంటవారు సీకులు తేవడం మరిచిపోయి, రాతిని కాల్చి దాని మీద మాంసం వండారని ఒక కథ చెబుతారు. ఇంట్లో రాయి కాల్చవద్దు. తడి ఉన్న రాయి వేడికి పగిలి ముక్కలు ఎగిరిపడవచ్చు. దళసరి ఇనుప పెనం చాలు.

ఎముక లేని తొడ మాంసం అరకిలో తీసుకుని, కండ నారకు అడ్డంగా పలుచని ముక్కలు కోయించండి. మాంసాన్ని కొళాయి ధార కింద కడిగితే తుంపరలతో పాటు క్రిములు గట్టంతా చేరతాయి. గిన్నెలో నెమ్మదిగా కడిగి, నీరు వార్చండి. ముందు 5 గ్రాముల ఉప్పు పట్టించండి. గంట తరువాత అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి, పచ్చిమిర్చి, ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద కలిపి మరో గంట ఫ్రిజ్‌లో ఉంచండి. బొప్పాయిలోని పపేయిన్ కండను మెత్తబరుస్తుంది. రాత్రంతా ఉంచితే మాత్రం పిండిలా చెదిరిపోతుంది. బజారులో కొన్న అల్లం వెల్లుల్లి ముద్దలో ఉప్పు ముందే కలిసి ఉంటుంది. దానిని వాడితే మీ కొలతలో అంత తగ్గించండి.

పెనం బాగా కాలిన తరువాత కొద్దిగా నూనె రాసి, ముక్కల పైతడి తీసి, ఒకదానికొకటి తగలకుండా పరచండి. రెండు వైపులా గోధుమ రంగు వచ్చేదాకా కాల్చండి. నల్లగా మాడనివ్వవద్దు. మాడిన భాగంలో హానికరమైన పదార్థాలు ఏర్పడతాయి. దించాక నిమ్మరసం పిండండి. పులుపు వల్ల ఉప్పు తక్కువైన లోటు తెలియదు. చాట్ మసాలా చల్లవద్దు, అందులో ఉన్నది ఉప్పే.

లోపల ఎరుపు ఉండవచ్చునా?

స్టేక్‌ను లోపల ఎర్రగా ఉండగానే తినడం కొందరికి అలవాటు. కోయని కండలో క్రిములు ఎక్కువగా పైభాగాననే ఉంటాయి కనుక పైన బాగా కాలితే ప్రమాదం కొంత తగ్గుతుంది. మనమైతే మాంసాన్ని పలుచగా కోసి, మసాలా కలిపి పిసుకుతాము. పైనున్న క్రిములు అంతటా చేరతాయి. కీమా సంగతి చెప్పనే అక్కరలేదు. కాబట్టి లోపలి ఎరుపు పూర్తిగా పోవాలి. కొలిచే సాధనం ఉన్నవారికి, ముక్కలకైనా కీమాకైనా లోపలి వేడి 71 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరడం క్షేమం. సరిగా ఉడకని గొర్రె మాంసం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకవచ్చు. అది గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకు చేరుతుంది. నానవేసిన ఉప్పు గాని, నిమ్మరసం గాని ఈ క్రిములను చంపుతాయని నమ్మవద్దు. చంపేది వేడి ఒక్కటే. పచ్చి మాంసం కోసిన కత్తితో, పలకతో ఉల్లిగడ్డ కోయవద్దు.

రోగులకు ప్రత్యేక సూచన

సైంధవ లవణం రక్తపోటు పెంచదన్నది అపోహ. అదీ సోడియం ఉన్న ఉప్పే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పులను మామూలు ఉప్పుకు బదులుగా వాడవచ్చునని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పిల్లలకు ఈ సూచన వర్తించదు. రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడుతున్నవారికి కూడా పొటాషియం ప్రమాదం తేవచ్చు. డాక్టరును అడగకుండా మార్చవద్దు.

ఇంట్లో ఒకరికి రక్తపోటు ఉంటే రెండు గిన్నెలు పొయ్యి ఎక్కించవద్దు. కొలిచిన ఉప్పుతో అందరికీ ఒకే కూర వండండి. పిల్లల నాలుక కూడా ఇప్పటినుంచే ఆ రుచికి అలవాటు పడుతుంది. విస్తరి పక్కన ఉప్పు డబ్బా, ఆవకాయ జాడీ పెట్టకండి. ఉప్పు తగ్గింది కదా అని మాత్రలు మాత్రం మానవద్దు. నెలకొకసారి రక్తపోటు చూపించుకుని, మందు తగ్గించే సంగతి డాక్టరుకు వదలండి.