సర్పంచుల శిక్షణము - ఫలపరీక్ష

1959వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన రాజస్థానమందలి నాగౌరులో నెహ్రూ పండితుడు పంచాయతీరాజ్య వ్యవస్థకు ప్రారంభోత్సవ మొనర్చెను. ఆ యేడే ఆంధ్రప్రదేశమును ఆ మార్గమున నడచెను. ఎన్నికైన గ్రామనాయకులకు శిక్షణ మొసంగవలెనను మాట క్రొత్తది కాదు. శిబిరములు జరుగుచున్నవి, ఛాయాచిత్రములు తీయబడుచున్నవి. శిక్షణము పొందినవారు ఊరికి తిరిగివచ్చి యేమి చేసిరని విచారించువారు మాత్ర మరుదు.

విచిత్రమేమన, ఆ 1959లోనే అమెరికా పండితుడు డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ శిక్షణమును కొలుచుటకు నాలుగు మెట్లు సూచించెను. వచ్చినవారు సంతసించిరా? నేర్చిరా? నేర్చినదానిని పనిలో పెట్టిరా? దానివలన కలిగిన ఫలమేమి? మన శిబిరములు పెక్కు మొదటి మెట్టుకడనే కూలబడుచున్నవి. వీడ్కోలునాడు పంచు కాగితముపై భోజనము బాగున్నదని వ్రాసినంతమాత్రమున నాయకుడు తయారగునా?

1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో స్త్రీలకు మూడవవంతునకు తగ్గకుండ స్థానములు కేటాయించెను. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు దానిని సగమునకు పెంచినవి. పదవి భార్యది, కుర్చీ భర్తది యగుచున్న గ్రామములను పాఠకు లెరుగుదురు. అట్టి సర్పంచునకు చట్టములోని సెక్షనులను వల్లించి చెప్పిన నేమి ప్రయోజనము? నగదుపుస్తకమును తానే చదివి నిలువ సరిపోయినదో లేదో తెలిసికొనుట, చదువని కాగితముపై సంతకము చేయకుండుట, గ్రామసభలో ఎదురుప్రశ్న వచ్చినపుడు కార్యదర్శి మొగము చూడక సమాధాన మిచ్చుట - ఇవి ఆమెకు కావలసిన విద్యలు. ముందుగా ఈ పనులను నిర్ణయించుకొని, పిదప వానికి తగిన పాఠములను కూర్చవలెను. ఆ పాఠములను భర్తకు గాక ఆమెకే చెప్పవలెనని వేరుగా వ్రాయవలసివచ్చుట సిగ్గుచేటు.

పరీక్షయు శిబిరములో గాక, ఆరునెలల పిదప గ్రామములో జరుగవలెను. అందరికి నొక్కమారే శిక్షణ మిచ్చుట యెట్లును సాధ్యము కాదు గదా! జట్ల వరుసను చీట్లువేసి నిర్ణయించినచో, ముందు వెళ్లివచ్చినవారి గ్రామములను, ఇంకను వంతు రానివారి గ్రామములతో పోల్చి చూడవచ్చును. దీనికగు అదనపు వ్యయము స్వల్పము. అయితే నాలుగవ మెట్టుకడ తొందర కూడదు. నిధులే రానపుడు కాలువ బాగుపడలేదన్న నిందను శిక్షణముపై మోపుట న్యాయము కాదు. సభ సకాలమున కూడినదా, తీర్మానము వ్రాయబడినదా, జమాఖర్చులు పదుగురియెదుట చదువబడినవా యని మొదట చూడవలెను.

ఇందుకు ప్రభుత్వోద్యోగి రాకకై వేచియుండనక్కరలేదు. ఊరనున్న రైతులును, పట్టణమున కాపురముండి పంటలకు వచ్చిపోవువారును రాబోవు గ్రామసభలో కూర్చుండి, లెక్కలు చదివి వినిపింపుడని సర్పంచు నడుగవచ్చును.