టెర్మినల్ హ్యాంగయితే

టెర్మినల్ హ్యాంగయిందనగానే మిషన్ ఆపి మళ్లీ వేసేవాళ్లే ఎక్కువ. ఆ పని చేసేముందు ఒకసారి కంట్రోల్-క్యూ నొక్కి చూడాలి. ఫైలు సేవ్ చేసే అలవాటుకొద్దీ వేళ్లు కంట్రోల్-ఎస్ మీద పడ్డాయంటే తెర అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ తరవాత ఏం కొట్టినా కనిపించదు. క్యూ నొక్కగానే అప్పటిదాకా కొట్టినదంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఇందులో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ తప్పేం లేదు. ఆగమన్నారు, ఆగింది.

ఈ ఎస్, క్యూల వ్యవహారానికి అరవై ఏళ్లు దాటాయి. 1963లో అమెరికాలో టెలిటైప్ కార్పొరేషన్ మోడల్ 33 అనే యంత్రాన్ని తెచ్చింది. కీబోర్డు, దాని మీద కాగితపు చుట్ట, పక్కన పేపర్ టేపుకు చిల్లులు పొడిచేది ఒకటి, ఆ చిల్లుల్ని చదివేది ఒకటి. వేగం సెకనుకు పది అక్షరాలు. అవతలివాడు అందుకోలేకపోతే టేపు చదవడం ఆపమని 19వ నంబరు సంకేతం పంపేవాడు, మళ్లీ మొదలుపెట్టమని 17వ నంబరు. ఇంగ్లిషు అక్షరమాలలో ఎస్ పందొమ్మిదోది, క్యూ పదిహేడోది. కంట్రోల్ మీటతో కలిపి నొక్కితే ఆ నంబర్లే వెళ్తాయి. టేపు పోయింది, నంబర్లు మాత్రం మిగిలాయి.

బెల్ ల్యాబ్స్‌లో 1969లో యూనిక్స్ పుట్టినప్పుడు మనిషికీ మిషన్‌కీ మధ్య ఉన్నది ఇలాంటి టెలిటైపులే. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ఒక మోడల్ 33 దగ్గర ఉన్న ఫొటో కంప్యూటర్ చరిత్ర పుస్తకాల్లో చాలామంది చూసే ఉంటారు. మనదేశంలో తంతి శాఖకు ఇటువంటి యంత్రాలు తయారుచేయడానికి 1960లో మద్రాసు గిండీలో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ మొదలైంది. 1978లో డెక్ కంపెనీ వీటీ100 అనే గాజు తెర టెర్మినల్ తెచ్చింది. ఇరవై నాలుగు వరసలు, వరసకు ఎనభై అక్షరాలు. దాని కీబోర్డులో ‘నో స్క్రోల్’ అని ప్రత్యేకంగా ఒక మీట ఉండేది. అదీ పంపేది ఆ పాత 19, 17 నంబర్లనే. రైల్వే రిజర్వేషన్ కౌంటరులో క్లర్కు ముందు ఒకప్పుడు కనిపించిన అక్షరాల తెర కూడా ఈ వంశంలోదే. ఇవాళ మన ల్యాప్‌టాప్‌లో నల్లని కిటికీ తెరిస్తే లినక్స్ దాన్ని ఇంకా ‘టీటీవై’ అనే పిలుస్తుంది, అంటే టెలిటైపే.

అసలు లినక్స్ పుట్టిందే టెర్మినల్‌గా. 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ కొత్తగా కొన్న 386 మిషన్ మీద ఒక చిన్న ప్రయోగం చేశాడు. రెండు పనులు వంతులవారీగా నడుస్తాయి. ఒకటి తెర మీద ‘ఏ’లు రాస్తుంది, రెండోది ‘బీ’లు. అది నడిచాక వాటినే మార్చాడు. ఒకటి కీబోర్డు నుంచి తీసుకుని మోడెమ్‌కు ఇస్తుంది, రెండోది మోడెమ్ నుంచి తీసుకుని తెరకు ఇస్తుంది. యూనివర్సిటీ కంప్యూటర్‌తో మాట్లాడే టెర్మినల్ తయారైంది. ఫైళ్లు దించుకోవడానికి డిస్కు కావాలి, డిస్కుకు ఫైల్ సిస్టమ్ కావాలి. అలా పెరిగి పెరిగి అది ఆపరేటింగ్ సిస్టమ్ అయి కూర్చుంది.

ఒక్క ప్రాసెసరుతో నడిచినన్నాళ్లు బాగానే ఉంది. 1996లో లినక్స్ 2.0తో ఒకటికి మించి ప్రాసెసర్లు వాడే వీలు వచ్చేసరికి ఇద్దరు ఒకేసారి ఒకే చోట చెయ్యి పెట్టకుండా తాళాలు అవసరమయ్యాయి. మొదట మొత్తం కెర్నల్‌కు ఒకటే పెద్ద తాళం వేశారు. తరవాత ఒక్కో భాగాన్నీ దాని కిందనుంచి తప్పిస్తూ వచ్చారు. టీటీవై భాగం మాత్రం చివరిదాకా వేలాడింది. ఆ కోడును ఏళ్ల తరబడి సరిచేసిన అలన్ కాక్స్, ఒక లోపం గురించి లినస్‌తో మాటామాటా పెరిగి 2009 జులైలో ఆ బాధ్యత వదిలేశాడు. పెద్ద తాళం పూర్తిగా పోయింది 2011లో, 2.6.39 వెర్షన్‌తో. టీటీవై కోడు చదివినవాళ్లెవరికీ అలన్ మీద కోపం రాదనుకుంటాను.

ఇక నిజమైన హ్యాంగ్ సంగతి. డెవలప్‌మెంట్‌లో ఉన్న కెర్నల్‌ను బూట్ చేశాం. కన్సోల్ సీరియల్ పోర్టు మీద ఉంది. పోర్టులోకి ఒక అక్షరం రాగానే, చేస్తున్న పని ఆపి ఇటు చూడమని ప్రాసెసరును పిలిచే ఇంటరప్ట్ పుడుతుంది. డ్రైవరు పోర్టు తాళం వేసుకుని అక్షరాన్ని తీసుకుంటుంది. ఆ మధ్యలో ఏదో తేడా కనిపించి, డ్రైవరు రాసినవాడు ‘చూద్దాం’ అని ఒక ప్రింట్‌కే పెట్టాడు. ప్రింట్‌కే అంటే కెర్నల్ తన మాట బయటికి చెప్పే దారి. ఆ మాట వెళ్లాల్సింది కన్సోల్‌కు. కన్సోల్ అంటే అదే పోర్టు. పోర్టులో రాయాలంటే తాళం కావాలి. తాళం వేసింది తనే. కోల్డ్ స్టోరేజీ తాళంచెవి జేబులో పెట్టుకుని, చెవి తీసుకెళ్లినవాడు వచ్చేదాకా కదలనని గుమ్మంలో కూర్చున్న మిర్చి గుమాస్తా పరిస్థితి. ఇలాంటి చోట వాడేది స్పిన్‌లాక్. తాళం దొరికిందా, దొరికిందా అని ప్రాసెసర్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఆ ప్రాసెసర్ మీద ఇంటరప్టులు ఆపేసి ఉంటాయి కనక కంట్రోల్-సీ కొట్టినా వినేవాడు లేడు. పైగా జరిగిందేమిటో చెప్పాల్సిన నోరే మూతబడింది.

మిషన్ ఇరుక్కున్నప్పుడు లోపల ఏం జరుగుతోందో అడగడానికి సిస్‌ఆర్‌క్యూ అనే మీట ఉంది. సీరియల్ లైను మీద బ్రేక్ సంకేతం పంపి, అయిదు సెకన్లలోపు ఒక అక్షరం కొట్టాలి. ‘ఎల్’ కొడితే పనిలో ఉన్న ప్రాసెసర్లు ఏ ఫంక్షన్లో ఉన్నాయో కనిపిస్తుంది. ‘డబ్ల్యూ’ కొడితే ఎక్కడా కదలకుండా ఇరుక్కున్న పనుల జాబితా. తమాషా ఏమిటంటే ఆ అక్షరాన్ని అందుకునేది కూడా ఈ ఇంటరప్ట్ కోడే, తాళం వేసుకునే. జాబితా అచ్చు వేయడానికి మళ్లీ అదే తాళం కావాలి! అంటే కాపాడే మీటే ముంచేస్తుంది. అందుకని సీరియల్ డ్రైవర్లలో ఒక మినహాయింపు రాశారు: వచ్చింది సిస్‌ఆర్‌క్యూ అయితే తాళం అడక్కుండానే రాసెయ్. హైదరాబాద్ సైలింక్స్ ఆఫీసు ఇంజనీర్లు ఎన్నో మార్పులు పంపిన జింక్ బోర్డుల సీరియల్ డ్రైవర్లోనూ ఈ వరసే కనిపించేది. ఇది మర్యాదైన పద్ధతి కాదని అందరికీ తెలుసు. 2018లో ఇంకొంచెం నికార్సయిన దారి వచ్చింది. అక్షరాన్ని గుర్తుపెట్టుకుని, తాళం తీసేశాకే దాని పని చూడటం.

సిస్‌ఆర్‌క్యూ కూడా పలక్కపోతే బయటినుంచి చూడాలి. దీనికిప్పుడు ల్యాబ్ అక్కర్లేదు. కొత్తపట్నం లాంటి తీరప్రాంతపు ఊళ్లో ఇంట్లో కూర్చుని, ఒంగోలు షాపులో కొన్న మామూలు ల్యాప్‌టాప్ మీదే చేయొచ్చు. క్యూఈఎంయూ అనే ప్రోగ్రాం మొత్తం కంప్యూటర్ని సాఫ్ట్‌వేర్లో నటిస్తుంది. సీరియల్ పోర్టును కూడా. దానికి జీడీబీ అనే డీబగ్గర్ తగిలించి ఆపితే లోపలి కెర్నల్ ఏ స్థితిలో ఉన్నా ఆగాల్సిందే. ఒక్కో ప్రాసెసర్ ఒక్కో థ్రెడ్‌గా కనిపిస్తుంది. అన్నిటి బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో ఆ జాబితా, తీసి కింది నుంచి పైకి చదవాలి: ఇంటరప్ట్ వచ్చింది, డ్రైవర్లోకి వెళ్లింది, ప్రింట్‌కే, కన్సోల్ రాత, స్పిన్‌లాక్. ఒకే డ్రైవరు పేరు రెండుసార్లు కనిపించిందా, దొంగ దొరికినట్టే. తీరప్రాంతపు చిక్కు ఒకటి వేరే ఉంది. ఎక్కడో ఉన్న సర్వర్ మీద ఎస్‌ఎస్‌హెచ్‌తో పనిచేస్తుంటే గాలివానకు కరెంటు పోయి టవర్ సిగ్నల్ పడిపోతుంది. తెర అచ్చం ఇలాగే బిగుసుకుంటుంది. ఎంటర్ కొట్టి, టిల్డా, చుక్క పెడితే ఆ సెషన్ తెగుతుంది. కెర్నల్‌ను అనుమానించేది ఆ తరవాతే.

హ్యాంగ్ అయ్యేదాకా ఆగకుండా ముందే పట్టుకోవడానికి ఇంగో మోల్నార్ 2006లో లాక్‌డెప్ రాశాడు. ఏ తాళం చేతిలో ఉండగా ఏ తాళం అడిగారో అది నోట్ చేసుకుంటూ పోతుంది. ఒకడు ముందు ‘అ’ తాళం, తరవాత ‘ఆ’ తాళం తీసుకుంటాడు. ఇంకోడు ముందు ‘ఆ’, తరవాత ‘అ’. ఇద్దరూ ఒకే క్షణంలో ఎదురుపడకపోయినా, వేరువేరు రోజుల్లో వచ్చిపోయినా, ఏదో ఒకనాడు ఇరుక్కుంటారని అప్పుడే అరుస్తుంది. దీన్ని ఆన్ చేస్తే మిషన్ నెమ్మదిస్తుంది. డెవలప్‌మెంట్ కెర్నల్‌కు ఆ నెమ్మదితనం భరించాల్సిందే.

ఇంకో రకం హ్యాంగ్ ఉంది, అందులో తాళాల తప్పేమీ ఉండదు. సీరియల్ లైను 1,15,200 బాడ్ మీద ఉంటే సెకనుకు దాదాపు పదకొండున్నర వేల అక్షరాలు వెళ్తాయి. ఎనభై అక్షరాల వరసకు సుమారు 7 మిల్లీసెకన్లు. మనకది లెక్కలోకి రాదు, ప్రాసెసరుకు మాత్రం యుగం. ఏదో డ్రైవరు వేల వరసల వార్నింగులు కురిపిస్తే, అవన్నీ అచ్చు వేసే బాధ్యత ఒక ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఇరవై సెకన్లు దాటగానే కెర్నల్‌లో కాపలా ఉండే వాచ్‌డాగ్ వచ్చి ఇది ఇరుక్కుందని ఫిర్యాదు చేస్తుంది. ఫిర్యాదు కూడా వరసలే కదా, వాటినీ ఆ ప్రాసెసరే అచ్చు వేయాలి.

ఈ మెలికలు విప్పడానికి కెర్నల్ డెవలపర్ జాన్ ఓగ్నెస్ ఏళ్ల తరబడి పనిచేశాడు. 2020 డిసెంబరులో వచ్చిన 5.10 వెర్షన్‌లో ప్రింట్‌కేకు, తాళం లేకుండానే మాటలు దాచుకునే బఫర్ చేరింది. ఆ తరవాత ప్రతి కన్సోల్‌కూ అచ్చు వేసే థ్రెడ్ విడిగా పెట్టే పద్ధతి వచ్చింది. అప్పుడు మాట చెప్పినవాడు చెప్పేసి తన పని తను చూసుకుంటాడు. కచ్చితమైన సమయానికి స్పందించాల్సిన యంత్రాల కోసం ఇరవై ఏళ్లుగా బయటే పెరిగిన రియల్‌టైమ్ మార్పులు ప్రధాన కెర్నల్‌లోకి రాలేకపోవడానికి మిగిలిన చివరి పెద్ద అడ్డంకి ఈ ప్రింట్‌కేనే. అది తొలగాక 2024 సెప్టెంబరులో వియన్నాలో థామస్ గ్లీక్స్‌నర్ ఆ మార్పుల్ని చేర్చుకోమనే అభ్యర్థనను కాగితం మీద అచ్చు వేసి, బంగారు రంగు కాగితంలో చుట్టి లినస్ చేతికిచ్చాడు. 6.12లో అవి చేరాయి.

సీరియల్ డ్రైవర్లను ఈ కొత్త పద్ధతికి ఒక్కొక్కటిగా మార్చాలి. మారనివాటికి పాత దారే. క్యూఈఎంయూ మామూలు పీసీగా నటించేటప్పుడు చూపించే సీరియల్ చిప్పు, 1981 నాటి ఐబీఎం పీసీలో వాడిన 8250 చిప్పు వంశంలోని 16550నే. దాన్ని నడిపే డ్రైవరు పేరూ ఇప్పటికీ 8250యే.