దూది పొగ, మిరప మొద్దులు

గుంటూరు, ప్రకాశం చేలల్లో పండే పత్తితో బల్ల మీది యుద్ధరంగానికి పేలుళ్లు చేయొచ్చు. నిప్పురవ్వ అక్కర్లేదు. ఓపిక ఉండాలి, పొగను పరీక్షగా చూసే కన్ను ఉండాలి.

పత్తి తీతలు మొదలయ్యాయంటే మన పల్లెల్లో దూది అంటని చోటు ఉండదు. అరుగుల మీదా, ఆటో కమ్మీలకూ, రోడ్డు పక్క తుమ్మ ముళ్లకూ పింజలే. అలాంటి పింజ ఒకటి తీసుకుని గింజలు ఏరేసి, వేళ్లతో నాలుగు వైపులా మెల్లగా సాగదీయండి. అంచులు పల్చబడతాయి, నడుమ చిక్కగా ఉండిపోతుంది. గాలికి చెదురుతున్న పొగ రూపం సరిగ్గా ఇదే. దేశదేశాల్లో బల్ల మీద యుద్ధాలాడేవాళ్లు ఫిరంగి దెబ్బల్నీ, తగలబడే ట్యాంకుల్నీ చేసుకునేది దూదితోనో, దిండ్లలో కూరే పాలిస్టర్ పీచుతోనో. మనకది చేలోనే పండుతోంది. ఈ పనితనం మన పిల్లల చేతికి అందాలన్నదే ఈ కథనం ఉద్దేశం.

బల్ల మీద రణరంగం

సైన్యాలను బొమ్మలుగా నిలబెట్టి, పాచికలు వేసి, కొలబద్దతో దూరాలు కొలుస్తూ ఆడే ఆట ఇది. ప్రష్యా రాజుకు 1812లో రైస్విట్స్ అనే ప్రభువు ఇలాంటి బల్లను సమర్పించాడు. ఆయన కొడుకు 1824లో నియమాలు అచ్చు వేయించాక అది సైనికాధికారుల శిక్షణలోకి వచ్చింది. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి ఆటను ఇళ్లలోకి తెచ్చాడు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది 28 మిల్లీమీటర్ల బొమ్మలు. అంటే చిటికెన వేలిలో సగం.

ఈ ఆటలో పేలుడు బొమ్మ అలంకారం మాత్రమే కాదు, గుర్తు కూడా. ఆ ట్యాంకు పోయిందని, దాని వెనక ఉన్నవాడు కనిపించడని ఆటగాళ్లిద్దరికీ ఒక్క చూపులో తెలియజేయాలి.

యుద్ధాన్ని మళ్లీ ఆడి చూపడం ఈ నేలకు కొత్త కాదు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని నాగులేటి ఒడ్డున కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు తలుచుకుంటారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... రోజుకొక ఘట్టం. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్నీ, బొబ్బిలి యుద్ధాన్నీ బుర్రకథలుగా ఊరూరా వినిపించారు. ఒక తంబురా, రెండు డక్కీలతోనే రణరంగం జనం కళ్లకు కట్టింది. బల్ల మీది ఆటదీ అదే వరస. పోరు ఎక్కడ మలుపు తిరిగింది, ఎవరి నిర్ణయం ఎవరిని ముంచింది అని అడుగుతూ, జరిగినదాన్ని మళ్లీ జరిపి చూస్తుంది.

ఏం పేలిందో ముందు తేల్చుకోండి

తొందరపడి దూదికి ఎర్రరంగు పూయకండి. పేలినదాన్ని బట్టి పొగ మారుతుంది.

పెట్రోలు, డీజిలు అంటుకుంటే నారింజ మంట, దాని మీద నల్లపొగ. పూర్తిగా కాలకుండా మిగిలిన మసే ఆ నలుపు. ఫిరంగి గుండు మట్టిలో పడి పేలితే మంట కనిపించేది రెప్పపాటే. పైకి లేచేదంతా మట్టి. అడుగున సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా, గడ్డలు గడ్డలుగా లేస్తుంది. పల్నాటి సున్నపురాయి క్వారీల్లో పేల్చడం దూరం నుంచి చూసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. నల్లరేగడిలో పడిన గుండుకు దుమ్ము నల్లగా ఉండాలి. కొత్తపట్నం తీరపు ఇసుకలో అయితే లేత గోధుమరంగు సరిపోతుంది.

పాతకాలపు ఫిరంగి మందు సంగతి వేరు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ మందు కాలాక కూడా సగానికి పైగా సన్నటి ఘనపదార్థంగా మిగిలిపోతుంది. అందుకే దట్టమైన తెల్లపొగ ఫిరంగి నోటి ముందు అడ్డంగా పరుచుకుంటుంది. వరసగా పేలుస్తూ పోతే గురిచూసేవాడికే ఎదర కనిపించదు. ఇక నీళ్లలో పడిన గుండుకైతే నిలువుగా లేచే తెల్లటి నీటి స్తంభమే చేయాలి.

చేసే తీరు

అడుగుకు పాత సీడీ గానీ, మందపాటి అట్ట గానీ చాలు. మంట ఉన్న పేలుడైతే మధ్యలో దీపావళికి అమ్మే బ్యాటరీ దీపం పెట్టండి. మిణుకుమిణుకుమనే ఎల్‌ఈడీ రకం తీసుకోండి. దాన్ని అతికించేయొద్దు. అడుగుకు రంధ్రం కోసి, కింది నుంచి తీసిపెట్టుకునేలా అమర్చండి. లేకపోతే బ్యాటరీ మార్చలేరు. దీపం చుట్టూ సన్నటి ఇనప తీగను మెలితిప్పి నాలుగైదు కొమ్మలుగా నిలపండి. పొగ ఎటు వాలాలో ఆ కొమ్మలే నిర్ణయిస్తాయి.

ఇప్పుడు దూది. మందుల షాపు దూది వద్దు. దాని సహజమైన మైనాన్ని శుద్ధిలో తీసేస్తారు కాబట్టి తడి తగలగానే పీల్చుకుని ముద్దవుతుంది. చేలో తీసిన పత్తికి ఆ మైనం ఉంటుంది, తొందరగా తడవదు, పొంగు నిలుస్తుంది. పింజల్ని సాగదీసి, తీగకు ఫెవికాల్ రాసి, అడుగు నుంచి పైకి ఒక్కొక్కటే అంటించండి. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి స్ప్రే సీసాతో దూరం నుంచి చల్లి, రాత్రంతా ఆరనివ్వండి. దూది బిరుసెక్కుతుంది.

రంగు దగ్గర చేయి తిరిగినవాళ్లు కూడా తడబడతారు. మనిషి బొమ్మకైతే లోతుల్లో ముదురు, ఉబ్బెత్తుల మీద లేత రంగు వేస్తాం. మంటకు ఇది తలకిందులు. వేడంతా లోపలే ఉంటుంది. కాబట్టి లోపల తెలుపు కలిసిన పసుపు, ఆ పైన నారింజ, తర్వాత ఎరుపు, చిట్టచివరి అంచులకు నలుపు. కుంచె తడిపి రుద్దకండి. స్పాంజి ముక్కను రంగులో ముంచి, కాగితం మీద ఒత్తి, మిగిలిన కొద్దిపాటి రంగునే అద్దండి.

చివరగా శిథిలాలు. ఎండిన మిరప కట్టెను అంగుళం ముక్కగా విరిచి 28 మిల్లీమీటర్ల సిపాయి పక్కన నిలబెట్టండి, కాలిన చెట్టు మొద్దు అయిపోతుంది. పండుమిరప తొడిమలు విరిగిన దూలాలవుతాయి. వాటిని ముందే కడిగి ఆరబెట్టుకోవాలి, కారపు నుసి కంట్లో పడితే మంట అంత తేలిగ్గా తగ్గదు. ఇటుకపొడి, సన్న గులకరాళ్లు అడుగున చల్లితే గుండు పడిన చోటు సిద్ధం.

నిప్పుతో పని లేదు

ఇందులో టపాకాయ మందు ముట్టుకునే అవసరం ఎక్కడా రాదు, ముట్టుకోవద్దు కూడా. జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లను అడగండి. దూదిలో పడిన నిప్పు పైకి కనిపించకుండా లోలోపల రాజుకుంటుంది. ఈ బొమ్మల దగ్గర నూనె దీపం, అగరొత్తి, కొవ్వొత్తి పెట్టకూడదు. బిళ్ల బ్యాటరీ పసిపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. దాని మూతకు టేపు వేసి, అందనంత ఎత్తులో ఉంచండి.

ముందుగా బొబ్బిలి

ఏ యుద్ధంతో మొదలుపెట్టాలని అడిగితే నా సలహా బొబ్బిలి. 1757 జనవరి 24న విజయనగరం విజయరామరాజుకు తోడుగా బుస్సీ నడిపించిన ఫ్రెంచి సేన ఫిరంగులతో ఆ కోటను కొట్టింది. కోట నిలవదని తేలాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లనూ, పిల్లలనూ తామే చంపుకున్నారు. తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును అతని డేరాలోనే పొడిచి చంపాడు. ఈ యుద్ధంలోని ఫిరంగి దెబ్బలకు నారింజ మంటలు నప్పవు. కావాల్సింది తెల్లపొగ, విరిగిన గోడలు, ఎర్రటి దుమ్ము.

సంక్రాంతికి చాలా ఇళ్లలో బొమ్మల కొలువు పెడతారు. పత్తి ఇంట్లో ఉండే వేళా అదే. కింది మెట్టు మీద కోట కట్టి, దెబ్బ తగిలిన ప్రతి బురుజు దగ్గరా దూది పొగ నిలపండి. ఆట ముగిసేదాకా ఒక్కటీ తీయొద్దు. ఇన్ని దెబ్బలకు కోటలో ఎవరేమయ్యారని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్లు కూర్చుని జవాబు చెప్పాలి. ఆ ప్రశ్న రాని పేలుడు ఎంత మెరిసినా దండగే. ఆ ప్రశ్న వచ్చిందంటే గుప్పెడు దూదితో చేసిన పనికి ఫలితం దక్కినట్టే.