పరుగు తెచ్చిన ముప్పు

అమెరికా ఫుట్‌బాల్ మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. బంతిని చేతబట్టి ఆడెడిది. అందు దాడిని నడుపువాడు క్వార్టర్‌బ్యాక్. బంతిని విసరుట అతని ప్రధాన విధి. పరుగు అదనపు విద్య.

2012లో వాషింగ్టన్ జట్టున చేరిన యువకుడు రాబర్ట్ గ్రిఫిన్‌కు రెండును అబ్బినవి. తొలియేటనే 800 గజములకు పైగా పరుగెత్తినాడు. డిసెంబరులో మోకాలికి దెబ్బ తగిలినది. అయినను ఆడుచునే యుండగా, 2013 జనవరిలో సియాటిల్‌తో జరిగిన పోటీలో ఆ మోకాటి కీలుబంధనములు తెగినవి.

శరీరమే దుర్బలమని కొందరు అభిమానులు, శిక్షకుడు ఆపవలసినదని మరికొందరు వాదించిరి. మేము రెండవ పక్షము వారము. అయితే అసలు చిక్కు మరొకటి కలదు. విసరువానిని నియమములు కొంత కాపాడును. బంతితో పరుగెత్తువానికి అంతటి రక్షణ లేదు. కీర్తి తెచ్చిన విద్యయే అతనిని దెబ్బలకు ఎదురుగా నిలిపినది. 2015లో అతని స్థానము, తనతోబాటే జట్టున చేరిన కర్క్ కజిన్స్‌కు దక్కినది. అతడు పరుగును కాక విసరుటనే నమ్ముకొన్నవాడు.