బరువు దించితేనే వేగం

వెబ్‌సైట్ నెమ్మదిగా తెరుచుకుంటోందనగానే నడిపేవాళ్లు ముందు సర్వర్ మీద పడతారు. నెలకు ఇంకొంచెం ఎక్కువ కట్టి పెద్ద హోస్టింగ్‌కు మారతారు. తీరా చూస్తే చాలాసార్లు పెద్ద తేడా ఏమీ ఉండదు. యాహూలో సైట్ల వేగం గురించే పనిచేసిన స్టీవ్ సౌడర్స్ 2007లో రాసిన పుస్తకంలో దీనికి కారణం చెప్పాడు. పాఠకుడు ఎదురుచూసే సమయంలో 80 నుంచి 90 శాతం సర్వర్ దగ్గర కాక, అది పేజీ పంపించాక బ్రౌజర్ దగ్గర ఖర్చవుతుందని అతని లెక్క. బొమ్మలు, ఫాంట్లు, స్క్రిప్టులు ఒక్కొక్కటీ తెచ్చుకుని తెర మీద పేర్చుకోవడానికే ఆ సమయమంతా పోతుంది. పుస్తకం పాతదే, కానీ అప్పటికంటే ఇప్పటి పేజీలు ఎన్నో రెట్లు లావెక్కాయి. అందుకే డబ్బు పెట్టడానికి ముందు పేజీలోంచి ఏమేం తీసేయొచ్చో చూడాలంటాను.

బరువంతా ఎక్కడుంది? తెలుగు అక్షరాల్లో మాత్రం లేదు. యూనికోడ్‌లో (యూటీఎఫ్-8 పద్ధతిలో) రాసిన ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ తలా 3 బైట్లు పడతాయి. అయినా 5 వేల గుర్తులున్న వ్యాసం మొత్తం 15 కేబీ దాటదు. పైగా ఆ 3 బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. కాబట్టి సర్వర్‌లో జీజిప్, బ్రోట్లీ లాంటి కుదింపు ఆన్ చేసి ఉంటే ఆ బరువు ఇంకా చాలా దిగుతుంది. ఇక ఆ వ్యాసం పైన పెట్టిన గోంగూర పచ్చడి ఫొటో సంగతి చూడండి. ఫోన్‌తో తీసింది తీసినట్టే ఎక్కిస్తే 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు, బరువు 3, 4 ఎంబీలు. అంటే ఒక్క ఫొటో రెండు వందల వ్యాసాలంత! చదివేవాళ్ల ఫోన్ తెర వెడల్పు సాధారణంగా 1080 పిక్సెళ్లే. ఫొటోను ఆ కొలతకు తగ్గిస్తే కోటీ 20 లక్షల పిక్సెళ్లు 9 లక్షల లోపుకు వస్తాయి. దాన్ని వెబ్‌పీ రూపంలో దాచితే 100, 200 కేబీల్లో సరిపోతుంది. కంటికి తేడా తెలియదు. పేజీ కింది భాగంలో ఉన్న ఫొటోలు పాఠకుడు అక్కడిదాకా వచ్చాకే దిగేలా లేజీ లోడింగ్ పెట్టుకోవచ్చు. మొదటి ఫొటోకు మాత్రం అది పెట్టకూడదు. పెడితే ముందు కనబడాల్సిందే వెనకబడుతుంది.

ఫాంట్ల విషయంలో తెలుగు సైట్లకు ఒక చిక్కుంది. వత్తులు, గుణింతాల కలయికలకు విడివిడి రూపాలు గీయాలి కాబట్టి తెలుగు ఫాంటు ఇంగ్లిష్ ఫాంటుకంటే బరువు. అది దిగేలోపు కొన్ని బ్రౌజర్లు అక్షరాలను చూపించకుండా ఆపుతాయి. ఒక్క శీర్షికలకే మండలి, రామభద్ర లాంటి ఫాంటు వాడుకుని, వ్యాసాన్ని ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటుకే వదిలేస్తే మేలు.

5జీ వచ్చేశాక ఇంకా కేబీల లెక్కలేమిటని అడిగేవాళ్లున్నారు. మన దేశంలో 5జీ 2022 అక్టోబరులో మొదలైన మాట నిజమే. కానీ జావాస్క్రిప్టు దిగాక దాన్ని నడపాల్సింది ఫోన్‌లోని ప్రాసెసర్. ఖరీదైన ఫోన్ చిటికెలో చేసే పనికి చవక ఫోన్ ఎన్నో రెట్లు ఎక్కువ సమయం తీసుకుంటుంది, నెట్‌వర్క్ ఏదైనా సరే. "మా పాఠకులెవరూ ఫిర్యాదు చెయ్యలేదే" అన్నదానికి యూట్యూబ్ అనుభవమే జవాబు. అక్కడ ఇంజినీరుగా చేసిన క్రిస్ జకరియాస్ 2012లో రాసిన సంగతి ఇది. 1.2 ఎంబీ ఉన్న వీడియో పేజీని అతను 100 కేబీ లోపుకు దించి కొంతమందికి చూపించాడు. లెక్క తీస్తే సగటు సమయం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఆగ్నేయాసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, సైబీరియా మారుమూలల నుంచి జనం కొత్తగా వచ్చి చేరడమే కారణం. తేలికైన పేజీలో కూడా వాళ్లకు వీడియో మొదలవడానికి 2 నిమిషాలు పట్టేది. పాతదైతే 20 నిమిషాలు. అందుకే అంతకుముందు వాళ్లు ఆ లెక్కల్లోనే లేరు. మన సైట్లలో సందర్శకులను లెక్కపెట్టే స్క్రిప్టు కూడా తరచూ ఆలస్యంగానే దిగుతుంది. విసుగొచ్చి ముందే వెళ్లిపోయినవాళ్లు అందులో కనబడరు. ఫిర్యాదు రాలేదంటే ఇబ్బంది లేదని ఎలా అనుకుంటాం?

సర్వర్‌కు పాత్రే లేదని నేననను. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికా తూర్పు తీరంలో ఉన్న సర్వర్‌తో హైదరాబాద్ ఫోన్ ఒకసారి మాట్లాడి రావడానికి సెకనులో ఐదో వంతు దాటుతుంది. కొత్తగా కలిసినప్పుడు పేజీ రాకముందే అలాంటి రాకపోకలు మూడు, నాలుగు జరగాలి. పేజీ ప్రతులను ఊరూరా ఉంచే సీడీఎన్ ఈ దూరాన్ని తగ్గిస్తుంది. ఒకే తెలుగు సైటును హైదరాబాద్‌లోనూ డాలస్‌లోనూ చదువుతున్నారు కాబట్టి ఇద్దరికీ లాభమే. వర్డ్‌ప్రెస్ సైటు మామూలుగా వచ్చిన ప్రతి ఒక్కరికీ పేజీని డేటాబేస్ నుంచి కొత్తగా తయారుచేస్తుంది. తయారైనదాన్ని దాచిపెట్టే క్యాషింగ్ ఆన్ చేస్తే ఆ శ్రమ తప్పుతుంది.

ప్రకటనలు తీసేస్తే తినేదేమిటన్నది న్యాయమైన ప్రశ్న. వాటిని తీసెయ్యక్కర్లేదు. వాటి చోటు కొలతలు ముందే కేటాయించి, వ్యాసం వచ్చాక దిగేలా చేస్తే చదువుతున్న వాక్యం కిందికి జారిపోదు. తీసెయ్యాల్సినవి వేరే ఉన్నాయి: దానంతటదే తిరిగే ఫొటోల వరస, ఎవరూ నొక్కని షేర్ బటన్లు, ఒకే పని చేసే రెండు లెక్కింపు స్క్రిప్టులు. యూట్యూబ్ వీడియో పొదిగితే ఎవరూ చూడకపోయినా వందల కేబీల స్క్రిప్టు దిగుతుంది. అక్కడ బొమ్మ మాత్రమే ఉంచి, నొక్కినప్పుడే ప్లేయర్ వచ్చేలా చెయ్యొచ్చు.

ఫలితం కొలవడానికి గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఉచితం. అందులో వచ్చే మార్కులు ఒక్క పరీక్షవి. నమ్మాల్సింది పైన ఉండే అసలు పాఠకుల అంకెలను. ప్రతి 100 రాకల్లో 75 సార్లయినా ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనబడితే బాగున్నట్టు. ఆ అంకెలు గడచిన 28 రోజులవి, అందుకే ఇవాళ చేసిన మార్పు పూర్తిగా కనబడటానికి నాలుగు వారాలు పడుతుంది. ఒక్కో మార్పు చేసిన తేదీ రాసిపెట్టుకుంటే దేనివల్ల ఎంత తగ్గిందో తర్వాత తేల్చుకోవచ్చు.