మోకాలు మార్పించుకున్నవాళ్లకు ఉణ్ణి కాచల్ వస్తే

ఈశాన్య వానలు మొదలైనప్పటి నుంచి చలి పోయేదాకా తమిళనాట ఉణ్ణి కాచల్ ఎక్కువగా కనిపించే కాలం. కోయంబత్తూరు, మదురైల కొండ దిగువ పల్లెల్లో తోటలూ పొదలూ ఉన్న మన ఇళ్లకు ఇది దూరపు మాట కాదు.

పేరులో ఉణ్ణి ఉన్నా, దీన్ని తెచ్చేది పశువులను పట్టే గోమారు కాదు. గడ్డిలో ఉండే, కంటికి ఆనని నల్లి జాతి పురుగు పిల్ల. వైద్యులు స్క్రబ్ టైఫస్ అంటారు. గోమారు కుట్టి వచ్చే టైఫస్ వేరే ఉంది. రెండింటికీ ముఖ్యమైన మందు డాక్సీసైక్లినే.

మోకాలు మార్పించుకున్న అవ్వకో తాతకో జ్వరం వస్తే అనుమానం ముందు ఆ మోకాలి మీదికే పోతుంది. పోవాల్సిందే, కానీ అక్కడే ఆగకూడదు. లోహపు కీలుకు చీము పట్టించేవి ఎక్కువగా స్టెఫైలోకాకస్ వంటి క్రిములు. అవి లోహం మీద పొరలా అంటుకుంటాయి. టైఫస్ క్రిమి రక్తనాళాల గోడల కణాల్లో దాక్కుంటుంది. చీముకు వేసే సెఫ్ట్రియాక్సోన్ వంటి సూదులు దాన్ని ఏమీ చేయలేవు. అవే వేయించుకుంటూ వారం గడిపితే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

అందుకే ఒళ్లంతా చూడాలి. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, పావడ నాడా కట్టే చోట సిగరెట్ కాల్చినట్టు నొప్పిలేని నల్లటి పెచ్చు ఉంటుంది. పెద్దవాళ్లు సిగ్గుపడి చూపించరు, అడిగి చూడండి. అందరికీ ఉండదు కూడా. రక్తపరీక్ష మొదటి వారంలో నెగటివ్ రావచ్చు.

మోకాలు కూడా ఎర్రగా వాచి వేడిగా ఉంటేనే అసలు చిక్కు. నీరు తీయకముందే యాంటీబయాటిక్ మింగితే కీలులోని క్రిమి పరీక్షకు దొరక్కపోవచ్చు. అలాగని టైఫస్ మందు ఆపి కూర్చోలేం. అదే రోజు కీలు నీరు, రక్తం తీయించి, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టే విషయం వైద్యుణ్ణి అడగండి. టైఫస్ అయితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. తీవ్రమైన రోగులకు దీన్నీ అజిత్రోమైసిన్‌నూ కలిపి నరానికి ఎక్కించడం మేలని వెల్లూరు సీఎంసీ వైద్యుల నాయకత్వంలో జరిగి 2023లో వెలువడిన పరిశోధన చూపింది.

అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వచ్చినవాళ్లయితే ఆ మాటా చెప్పాలి. న్యూజెర్సీ వైపు గోమారు కాటుతో వచ్చే లైమ్ జబ్బు మోకాలిని వాపిస్తుంది. మార్చిన మోకాలికి పట్టిన సందర్భాలూ అరుదుగా ఉన్నాయి.

ఇంకొకటి. మన పెద్దవాళ్లలో చాలామంది కాల్షియం మాత్ర వేసుకుంటారు. అదీ, పాలూ, ఐరన్ మాత్రా డాక్సీసైక్లిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. డాక్సీ ఉదయం, రాత్రి అయితే కాల్షియం మధ్యాహ్నానికి మార్చండి. రాత్రి మాత్ర గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంటైనా కూర్చున్నాకే పడుకోవాలి. లేదంటే గొంతులో పుండు పడుతుంది.